కొత్త పని మొదలుపెడుతున్నారా? ఇంట్లోవాళ్ళనీ ఇరుగుపొరుగునీ వెంట ఉంచుకోవడం ఇలా

మాది కోనసీమలో అంబాజీపేట పక్కన పల్లెటూరు. జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్సు వేస్తాను. ఎనిమిదో క్లాసులో బడి మానిపించి పెళ్ళి చేసేశారు. పిల్లలు చేతికి అందొచ్చాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టాను, తర్వాత ఇంటరూ అయింది. ఇప్పుడు సాయంత్రాలు మా అరుగు మీద, నాలాగే మధ్యలో బడి మానేసిన ఆడవాళ్ళకు పదో తరగతి పాఠాలు చెబుతున్నాను. వాళ్ళు లెక్కల్లో డౌట్లు తక్కువే అడుగుతారు. "అక్కా, ఇంట్లో ఎలా నెట్టుకొచ్చావు?" అని మాత్రం అందరూ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. మీరు మొదలుపెట్టేది చదువే కానక్కర్లేదు. పచ్చళ్ళ వ్యాపారం, సంగీతం, ఊళ్ళో పిల్లలకు ట్యూషను, ఏదైనా మీకంటూ ఒక పని పెట్టుకున్నారంటే ఇది పనికొస్తుంది.

నేను చూసినంతలో, మనం ఎదుగుతున్నామని ఇంట్లో ఎవరికీ కోపం రాదు. నాలుగింటికి రావలసిన కాఫీ ఐదున్నరకి వస్తే వస్తుంది. ఆ కోపాన్ని మనం "నా ఎదుగుదల చూడలేకపోతున్నారు" అని లెక్కేసుకుంటాం. వాళ్ళేమో "చదువు తలకెక్కింది" అనుకుంటారు. గొడవ కాఫీ దగ్గర మొదలైందని ఇద్దరికీ గుర్తుండదు. కాబట్టి మనం కాఫీ దగ్గర్నుంచే వద్దాం.

ముందు రోజుని కాగితం మీద పెట్టండి

ఫీజు కట్టకముందే చెయ్యవలసిన పని ఇది. నేను జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలో వెనక పేజీ తీసుకున్నాను. ఎడమవైపు తెల్లారుజామున ఐదు నుంచి రాత్రి పది దాకా గంటలు వేసుకోండి. కుడివైపు ఆ గంటలో మీతో ఉండే మనిషి పేరు రాయండి. పని పేరు రాస్తే ఉపయోగం లేదు. "అంట్లు" అని రాస్తే అంతే సంగతులు. అంట్లు తోముతూ పిట్టగోడ మీంచి పక్కింటి వదినతో మాట్లాడతాం కదా, ఆ వదిన పేరు రాయాలి. తర్వాత కొత్త పని ఏ గంటల్ని తినేస్తుందో వాటి కింద గీత గియ్యండి. గీత మీద ఎవరి పేర్లున్నాయో, మీరు మాట్లాడవలసింది వాళ్ళతోనే.

దాళ్వాలో, అంటే రెండో పంటకి, గోదావరికి నీళ్ళు తగ్గితే కాలువలకు వంతులవారీగా వదులుతారు. ఎగువ చేలు ఎలాగోలా తడుస్తాయి, ఎండిపోయేది శివారు, అంటే కాలువ చివరి చేలు. మన టైముదీ అదే కథ. మొగుడికీ పిల్లలకీ ఎలాగూ అందుతుంది, ఎందుకంటే వాళ్ళు కంచం ముందు కూర్చుని అడుగుతారు. అడగనివాళ్ళకే అందదు. నా కాగితంలో శివారున తేలినవాళ్ళు ముగ్గురు: నాలుగు గంటల కాఫీకి మా అత్తగారు, రాత్రి ఫోనుకి కువైట్‌లో ఉన్న మా చిన్న ఆడపడుచు, అంట్ల దగ్గర పక్కింటి వదిన. వంతుల విధానంలో ఒక మంచి ఉంది. నీళ్ళు ఎప్పుడొస్తాయో ముందే చెబుతారు. ఫలానా రోజు వస్తాయని తెలిస్తే రైతు అప్పటిదాకా కాచుకుంటాడు. మనుషులూ అంతే, తక్కువ ఇచ్చినా పరవాలేదు, ఎప్పుడిస్తామో చెప్పాలి.

చెప్పే పద్ధతి

అందరూ అన్నాలు తింటున్నప్పుడు ప్రకటన చెయ్యకండి. అలా చేస్తే ముందుగా ఎవరు నోరు తెరిస్తే మిగతావాళ్ళు ఆ మాటకే కట్టుబడిపోతారు. ఒక్కొక్కరికీ విడిగా, వాళ్ళ పని దగ్గరికే వెళ్ళి చెప్పండి.

ఎందుకు చేస్తున్నారో ఒక్క వాక్యంలో చెప్పాలి, ఆ వాక్యంలో ఒక పని ఉండాలి. "నా కాళ్ళ మీద నేను నిలబడాలి అత్తయ్యా" అంటే, నీ కాళ్ళు ఎవరు విరగ్గొట్టారే అన్నట్టు చూస్తారు. నేను చెప్పింది ఇది: "డ్వాక్రా లోను కాగితాల మీద ఏం రాసుందో చదవకుండానే అందరం సంతకాలు పెడుతున్నాం అత్తయ్యా. చదివి పెట్టాలని ఉంది." ఆవిడకి వెంటనే అర్థమైంది. ఆవిడా అదే గ్రూపులో ఉంది మరి! మీకున్న పెద్ద ఆశలు మీ మనసులో ఉండనివ్వండి, వాటికి తొందరేం లేదు. ఇంట్లోవాళ్ళకు మాత్రం వాళ్ళు కళ్ళతో చూడగలిగే పనిని చెప్పండి.

ఆ తర్వాత వాళ్ళ రోజులో ఏం మారుతుందో గంటతో సహా చెప్పండి. ఓపెన్ స్కూలు క్లాసులు ఆదివారాలూ సెలవురోజులూ ఉంటాయి. మా ఇంట్లో ఆదివారమంటే నీసు. అత్తగారు "చదువుకో అమ్మా, నేను వద్దననుగానీ, పొయ్యి దగ్గర నిలబడి మాంసం నేను ఉడికించలేను" అన్నారు. పోనీ శనివారానికి మారుద్దామంటే అది వెంకన్నబాబు వారం, ఇంట్లో నీసు రాకూడదు. చివరికి ఆదివారం రాత్రికి మార్చాం. మధ్యాహ్నం పప్పూ, ఆవకాయా. వినడానికి నవ్వులాటగా ఉంటుందిగానీ, ఆ రోజు కూర్చుని ఇది తేల్చుకోకపోతే నా చదువు మాంసం కూర దగ్గరే ఆగిపోయేది.

ఆఖరుగా, మారనిది ఒకటి చూపించండి. నాలుగింటి కాఫీ ఎంత పని ఉన్నా నాలుగింటికే అని మాటిచ్చాను. పరీక్షల ముందు కూడా మిషను ఆపి లేచేదాన్ని.

ఎవరి చేతుల మీద నడుస్తుందో చూసుకోండి

లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు మా వైపు తెలియనివాళ్ళుండరు. 1841లో పుట్టి 1909లో పోయారు. ఏ వేళప్పుడు ఎవరొచ్చినా లేదనకుండా వండి పెట్టిన తల్లి. గోదావరి పాయ వైనతేయ మీద కాలువని దాటించే అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు, 2024 నుంచి బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఆవిడ ఒకసారి అంతర్వేది దర్శనానికి బయల్దేరి, దారిలో ఎవరో ఆకలితో తమ ఇంటికే వెళుతున్నారని విని వెనక్కి తిరిగి వచ్చేశారని చెప్పుకుంటారు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఇంట్లోవాళ్ళే గుర్తొస్తారు. ఇవాళ పెద్దావిడ ఊళ్ళో లేదు, కాస్త నడుం వాలుద్దామని అనుకున్నవాళ్ళు ఒక్కరైనా ఉండి ఉండరా? మళ్ళీ పొయ్యి రాజెయ్యాలి, కట్టెలు తేవాలి, ఆకులు వెయ్యాలి. ఆవిడ భర్త జోగన్నగారు ఒప్పుకోబట్టే ఆ పొయ్యి అన్నేళ్ళు వెలిగింది. ఆయన పేరు ఎంతమందికి గుర్తుంది?

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేసింది. వంటవాళ్ళూ నీళ్ళు తెచ్చేవాళ్ళూ రావడం మానేశారు. అప్పుడు గోదావరి నుంచి నీళ్ళు మోసి, వంట చేసింది ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు. తర్వాత ఆ ఇంటికి చేరిన ఆడపిల్లల బాగోగులూ ఆవిడే చూశారు. అది ఆయన పనేగాని ఆవిడ పని కాదంటే ఎవరు నమ్ముతారు?

మనవి అంత పెద్ద పనులు కావుగానీ లెక్క ఒకటే. మీరు బయటికి వెళ్ళిన ఆ రెండు గంటల్లో మీ పని ఎవరో ఒకరి మీద పడుతుంది. ఎవరి మీద పడుతుందో తెలుసుకుని, వాళ్ళకి ఊరికే బరువు మిగల్చకుండా పనిలో వాటా ఇవ్వండి. నేను జాకెట్లకు హుక్కులు, కాజాలు కుట్టే పని మా తోడికోడలికి ఇచ్చాను. జాకెట్టుకింత అని డబ్బిచ్చాను. "మనలో మనకి డబ్బేంటక్కా" అంది. మనలో మనకి కాబట్టే ఇవ్వాలి. ఊరికే చేయించుకున్న సాయం సంక్రాంతికో, ఆస్తి పంపకాల్లోనో బయటికొస్తుంది.

అత్తగారికి ఏ వాటా ఇవ్వాలో మొదట్లో తోచలేదు. ఒకరోజు కాఫీ తాగుతూ సోషల్ పుస్తకం తెరిచి తుఫాన్ల పాఠం పైకి చదువుతున్నాను. ఆవిడ గ్లాసు కింద పెట్టి, "దీంట్లో మన తుఫాను ఉందా?" అని అడిగారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని ఊడ్చేసిన తుఫాను ఆవిడ దృష్టిలో మన తుఫాను. పుస్తకంలో లేదన్నాను. ఇంక ఆవిడే చెప్పడం మొదలుపెట్టారు. వంటింట్లో మంచం కింద పిల్లల్ని పెట్టుకుని కూర్చుంటే బయట కొబ్బరిచెట్లు విరిగే చప్పుళ్ళు ఒకదాని వెనక ఒకటి వినిపించాయట. తెల్లారి గుమ్మంలోకి వచ్చి చూస్తే తూర్పేదో పడమరేదో తెలియలేదట. తోటలు పడిపోవడంతో ఎప్పుడూ కనపడని పక్క ఊరి గుడి గోపురం ఎదురుగా కనిపించిందట. "ఇంత దగ్గరా అనుకున్నానే" అన్నారు. మాకు పెళ్ళై అన్నేళ్ళైనా ఆ గోపురం సంగతి నేను వినలేదు. మర్నాడు నాలుగింటికి కాఫీ ఇవ్వగానే "ఇవాళేం పాఠం?" అన్నారు. అప్పట్నుంచి సోషల్ పాఠాలన్నీ ఆవిడకి చదివి వినిపించే నేర్చుకున్నాను.

అవతలివాళ్ళూ ఎదుగుతుంటారు

ఈ భాగం కాస్త నిదానంగా చదవండి, ఎక్కువమంది ఇక్కడే తడబడతారు. మనం కొత్త పని మొదలుపెట్టగానే, మనం మాత్రమే ముందుకు వెళుతున్నామని, మిగతావాళ్ళు ఉన్నచోటే ఉండిపోయారని ఒక భ్రమ కలుగుతుంది. మాటల్లో అది తెలిసిపోతుంది. "నీకిది అర్థం కాదులే" అని నోరు జారిందంటే, ఆ మనిషి మళ్ళీ మీ పని గురించి అడగరు.

దీనికి మందు, వాళ్ళు కొత్తగా ఏం నేర్చుకున్నారో అడగడం. మా ఆడపడుచు కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతోమంది. వాళ్ళని ఇంటివాళ్ళు మామూలుగా అడిగే ప్రశ్నలు రెండే: డబ్బెప్పుడు పంపుతావు, ఎప్పుడొస్తావు. నా చదువు మొదలయ్యాక రాత్రి ఫోను కుదరలేదు. మనకు పదైతే అక్కడ ఏడున్నర, ఆవిడకి వంటింట్లో పని మీదుండే వేళ. అందుకని వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు మొదలుపెట్టాం. ఆవిడ పని అయ్యాక పంపితే నేను తెల్లారి కుట్టుకుంటూ వినేదాన్ని. ఒకసారి, ఇంగ్లీషు మాటలు బుర్రకెక్కడం లేదని చెప్పి, "నీకు అరబ్బీ ఎలా వచ్చింది?" అని అడిగాను. పెద్ద మెసేజీ వచ్చింది. చేరిన కొత్తలో ఇంటి మేడమ్ ఏం తెమ్మంటుందో తెలియక వణికిపోయేదట. వంటింట్లో ప్రతి డబ్బా పేరూ డ్రైవరుని అడిగి, తెలుగులో చీటీ రాసి డబ్బా అడుగున అంటించుకుందట. అడుగున ఎందుకంటే, పైన అంటిస్తే మేడమ్ చూస్తుందని. నెలలు గడిచేసరికి చీటీలు చూడవలసిన అవసరం తప్పిందట.

నేనూ మా వంటింట్లో డబ్బాలకు ఇంగ్లీషు చీటీలు అంటించాను, పైనే. మా అత్తగారు ఇప్పటికీ కారం డబ్బాని "చిల్లీ" అంటారు. నాకు ఇంగ్లీషు గట్టెక్కింది ఆ డబ్బాల వల్లే. అంతకన్నా పెద్ద సంగతి, పరాయి దేశంలో అంత తెలివిగా బతుకుతున్న మనిషిని ఇంట్లో అందరూ డబ్బు పంపే మనిషిగానే లెక్కేస్తున్నారు. ఆవిడ మెసేజీ నేను స్పీకర్లో పెట్టి అందరికీ వినిపించాను. ఆ తర్వాత మా ఆయన చెల్లెలితో మాట్లాడేటప్పుడు అడిగే ప్రశ్నలు మారాయి.

మీరూ మీ కాగితం మీదున్న ప్రతి పేరుకీ ఇలాంటి ప్రశ్న ఒకటి సిద్ధం చేసుకోండి. పక్కింటి వదినకి కోళ్ళ జబ్బులు పసిగట్టడం బాగా తెలుసు. కొబ్బరికాయ తట్టి చూసి లోపల నీళ్ళెంతున్నాయో చెప్పగల వలుపు పనివాళ్ళున్నారు మా ఊళ్ళో. అడిగేవాళ్ళుంటే చెబుతారు.

మాట రాని మనుషులు

మా ఆయన కొబ్బరికాయల వ్యాపారి దగ్గర గుమస్తా. లారీ ఎత్తేదాకా ఇంటికి రాడు. నా చదువు గురించి చేరమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఇలాంటివాళ్ళ దగ్గర మెప్పు కోసం ఎదురుచూస్తే మనకే టెన్షన్. ఏం అన్నారని కాక, ఏం చేశారని చూడండి. నేను పది కట్టిన వారంలోనే మిషను పక్కన ఛార్జింగ్ లైటు ఒకటి వచ్చింది. కరెంటు పోతే కుట్టుకోడానికి తెచ్చానన్నాడు. కరెంటు అంతకుముందూ పోయేది.

ఇలాంటివాళ్ళని ఒకసారి మీ పని జరిగే చోటికి తీసుకెళ్ళండి. క్లాసులో నా పక్కన కూర్చునేవాళ్ళెవరో, ఏ ఊరివాళ్ళో తెలియక ఇంట్లో కొంత గుబులుండేది. అది పైకి అనరు, "ఇంత ఆలస్యమేంటి" అన్న మాటలో ఉంటుంది. అక్కడ బెంచీ మీద కులం చూసుకుని కూర్చోవడం కుదరదు, వయసులూ రకరకాలు. నేను నాతో చదివేవాళ్ళని ఇంటికి భోజనానికి పిలిచాను. పనసపొట్టు కూర వండాను. నలుగురూ కలిసి తిన్నాక గుబులు దానంతటదే పోయింది. ఎవరి గురించైనా ఇంట్లో పేచీ వస్తే వాదించే బదులు ఆ మనిషిని పిలిచి అన్నం పెట్టండి.

ఎగతాళి, ఉచిత సేవ, ఇంకా కొన్ని

"టీచరమ్మగారొచ్చారండీ, ఆయ్!" అని చెరువుగట్టు మీద ఆటపట్టిస్తారు. నవ్వెయ్యండి. నవ్వలేకపోతే ఊరుకోండి. ఎదురు సమాధానం చెబితే ఆ ఆట ఇంకో ఏడాది నడుస్తుంది.

మీరు నాలుగు ముక్కలు నేర్చారని తెలిశాక బ్యాంకు ఫారాలూ పింఛను కాగితాలూ పట్టుకుని జనం వస్తారు. రావడం మంచిదే, వాళ్ళకు మీ పని విలువ తెలిసిందన్నమాట. కానీ ఒక పూట పెట్టుకోండి. నాది బుధవారం సాయంత్రం. మిగతా రోజుల్లో వస్తే కాఫీ ఇచ్చి బుధవారం రమ్మంటాను. పూట పెట్టుకోకపోతే విసుక్కుంటూ చేస్తారు, విసుగ్గా చేసిన సాయం ఎవరికీ అక్కర్లేదు.

కొన్ని స్నేహాలు పలచబడతాయి. ఎవరి కోడలు ఏం చేసిందన్న కబుర్ల మీదే నడిచిన స్నేహమైతే, కబుర్లకు టైము లేనప్పుడు అది సన్నగిల్లుతుంది. దాన్ని బలవంతంగా నిలబెట్టకండి, తెంపెయ్యనూ వద్దు. పేరంటానికి పిలవండి, వాళ్ళింట్లో చావుకీ పెళ్ళికీ వెళ్ళండి. అంతవరకు చాలు.

పుస్తకాలు చింపడం, చెయ్యి చేసుకోవడం, గడపదాటితే ఊరుకోననడం జరుగుతుంటే పైన రాసినవేవీ మీకు పనిచెయ్యవు. అది సర్దుకోవలసిన సంగతి కాదు. 181కి ఫోన్ చెయ్యండి, అది ఆడవాళ్ళ సహాయం కోసమే ఉన్న నంబరు. ప్రాణం మీదకొస్తే 112.

సంక్రాంతి నెలకి వేరే లెక్క

పరీక్షలు మామూలుగా వేసవి మొదట్లో పడతాయి కాబట్టి జనవరిలో చదువు జోరుగా ఉండాలి. అప్పుడే కూతుళ్ళూ అల్లుళ్ళూ దిగుతారు. రెండూ ఒకేసారి చెయ్యాలని చూస్తే పుస్తకం పట్టుకున్నంతసేపూ వంటింటి మీద, వంటింట్లో ఉన్నంతసేపూ పుస్తకం మీద మనసుంటుంది. భోగి నుంచి ముక్కనుమ దాకా పుస్తకాలు అటక ఎక్కించెయ్యండి. ఆ సంగతి డిసెంబరులోనే అందరికీ చెప్పండి, అప్పుడు డిసెంబరంతా మిమ్మల్ని ఎవరూ కదపరు. పిండివంటలు ఇంట్లోనే చెయ్యాలన్న పంతం ఉంటే ఒక ఏడాది సడలించండి. అరిసెలు చేయించుకోవచ్చు, పూతరేకులు ఆత్రేయపురం నుంచి తెప్పించుకోవచ్చు. కనుమనాడు మా వైపు జరిగే జాతర, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మాత్రం అందరితో కలిసి వెళ్ళండి. ఏడాదిలో శివారున మిగిలిపోయినవాళ్ళు చాలామంది అక్కడే ఎదురుపడతారు, జీళ్ళు కొనుక్కుంటూ నిలబడి మాట్లాడుకోవచ్చు. ముక్కనుమ దాటిన మర్నాడు పుస్తకాలు దింపుకుని, కొలతల పుస్తకంలో ఇంకో పేజీ తిప్పి గంటలూ పేర్లూ మళ్ళీ కొత్తగా రాసుకోండి. ఏడాది కిందటి కాగితం అప్పటికి పనికిరాదు.